రన్నింగ్ ఇన్‌లో ఉన్న మనుషులు

గురప్ప జీవితంలో ఎన్నడూ పరుగెత్తిన మనిషి కాదు. పలమనేరు దగ్గర పల్లెలో పుట్టి, పద్దెనిమిదో ఏట చిత్తూరు జిల్లాలోని ఒక బస్సు డిపోలో హెల్పరుగా చేరాడు. ముప్ఫై ఏళ్లు బస్సుల కింద వెల్లకిలా పడుకుని పనిచేసి హెడ్ మెకానిక్ అయ్యాడు. అలాంటివాడి మీద 1982 నవంబరులో పన్నెండుమంది డ్రైవర్లను, కండక్టర్లను పరుగు పందేనికి తయారుచేసే పని వచ్చి పడింది.

దానికి కారణం ముందు ఏడాది జరిగిన గొడవ. డిపోల మధ్య ఆటల పోటీలని చెప్పగానే, బడి మానేశాక ఒక్కనాడూ పరుగెత్తని మనుషులు ఒక్క వారంలో ఒళ్లు హూనం చేసుకుని సాధన చేశారు. ఏడుగురికి పిక్కలు పట్టేశాయి, మోకాళ్లు వాచాయి. పందెం పోయింది సరే, పదకొండు రోజులు నడిపేవాళ్లు లేక బస్సులు నిలబడిపోయాయి. మేనేజరు కుప్పుస్వామి పైఆఫీసుకు సంజాయిషీ రాసుకున్నాడు. అందుకే ఈసారి గురప్పను పిలిచాడు.

"గెలిసినా గెలవకున్నా నాకు పరవాలేదప్పా. ఒక్క కాలు సెడిపోకూడదు. ఇన్ని బండ్లు సూసుకుండేవాడివి, పన్నెండు జతల కాళ్లు సూసుకోలేవా?"

గురప్ప దాన్ని ఆర్డరుగానే తీసుకున్నాడు. కొత్తదాన్ని వాడకంలోకి తెచ్చే పద్ధతి ఆయనకు ఒక్కటే తెలుసు. కొత్త బస్సు వస్తే మొదటి రెండు వేల కిలోమీటర్లు మెల్లగా నడపాలి. వెనక అద్దానికి ‘రన్నింగ్ ఇన్’ అని బోర్డు కట్టాలి. ఆ లోపల తొందరపడితే ఇంజను బిగుసుకుపోతుంది. మనిషికి రెండు వేలు ఎక్కువనిపించి, ఆలోచించి, వంద కిలోమీటర్లు ఖాయం చేశాడు. ఒక్కొక్కరి పేరున ఒక లాగ్ షీటు తెరిచాడు.

వంద పూర్తయ్యేదాకా ఎవరూ గట్టిగా పరుగెత్తకూడదు. ఎంత మెల్లగా అన్నదానికి కూడా ఒక కొలత పెట్టాడు. పరుగెత్తుతూ తిరుపతి రూటులో ఊళ్ల పేర్లు పైకి చెప్పాలి. పూతలపట్టు, పాకాల, చంద్రగిరి అంటూ పోతున్నవాడికి మధ్యలో ఊపిరి తెగితే వాడు నడవాల్సిందే. రోజు మార్చి రోజు షెడ్డులో వేరే పని. బస్సుల కింద దిగే గుంత అంచున మునివేళ్ల మీద నిలబడి, మడమలు కిందికి దించి పైకి లేపాలి, ఇరవైసార్లు. బస్సుకు కమాను పట్టీల్లాంటి పిక్కలు గట్టిపడాలన్నది ఆయన మాట. ఆ తర్వాత ఒంటికాలిమీద నిలబడాలి, గోడకు ఆనుకుని సగం కూర్చోవాలి. సోమవారం సర్వీసింగు, అంటే ఎవరూ కదలకూడదు. ఆ రోజు చెప్పులు తిరగేసి ఏ పక్క అరిగిందో చూసి రాసుకునేవాడు.

ఇంట్లో నువ్వుల నూనె అంతా వాళ్ల కాళ్లకు రాయడానికి షెడ్డుకు పోతుంటే భార్య వరలక్ష్మమ్మ ఒకనాడు అడిగింది. "ఇరవై ఏండ్లుగా నా మోకాలు నొస్తా ఉండాది. దానికి లాగ్ షీటు యాడ?"

గురప్పకు అందులో న్యాయం కనిపించింది. మర్నాడు ఆమె పేరునా ఒకటి తెరిచాడు.

పన్నెండుమందిలో ఓబయ్యది తొందర గుణం. తిరుపతి ఎక్స్‌ప్రెస్ డ్రైవరు. మూడో వారంలో ఎవరికీ చెప్పకుండా ఊరి బయట రోడ్డు మీద బలంకొద్దీ పరుగెత్తాడు. పిక్క పట్టేసి కుంటుకుంటూ వచ్చాడు. గురప్ప తిట్టలేదు. బొటనవేలితో పిక్క నొక్కి చూసి, మెడలో, రిపేరుకు ఆగిన బండికి పెట్టే ‘ఆఫ్ రోడ్’ అట్ట తగిలించి, స్పేరు పార్టుల కోసం ఎదురుచూస్తున్న రెండు బస్సుల మధ్య స్టూలు వేసి కూర్చోబెట్టాడు. పది రోజులు డ్యూటీ సమయమంతా ఓబయ్య అక్కడే కూర్చున్నాడు. పదకొండో రోజునుంచి అతనంత బుద్ధిగా ఊళ్ల పేర్లు చెప్పినవాడు లేడు.

జనవరిలో తిరుపతిలో పందెం. మైదానం నుంచి అలిపిరి దాకా వెళ్లి తిరిగి రావాలి, ఐదు కిలోమీటర్లు. అప్పటికి ఎవరికీ వంద పూర్తి కాలేదు. గురప్ప పన్నెండుమంది వీపులకూ ‘రన్నింగ్ ఇన్’ అట్టలు కట్టాడు. నిర్వాహకులు రూల్సు పుస్తకం తిరగేశారు. వద్దని ఎక్కడా రాసిలేదు.

మిగతా డిపోలవాళ్లు రాకెట్లలా పోయారు. మనవాళ్లు పూతలపట్టు, పాకాల అంటూ బయలుదేరారు. అలిపిరి దగ్గర కొండ దిగి వస్తున్న గుండు యాత్రికులు, వీపున అట్టలు కట్టుకుని ఒకే గొంతుతో ఏవో పేర్లు జపిస్తూ వస్తున్నవాళ్లను చూసి ఇదేదో కఠినమైన మొక్కు అనుకున్నారు. ఒక ముసలాయన దండం పెట్టి గోవిందా అన్నాడు. తర్వాత అందరూ అన్నారు. కొందరు వెనకే కలిసి పరుగు తీశారు.

తిరుగుదారిలో ముందుపోయినవాళ్లు ఒక్కొక్కరే పిక్కలు పట్టుకుని రోడ్డుపక్క కూలబడుతున్నారు. అర కిలోమీటరు మిగిలేసరికి ఓబయ్యకు ముందు ముగ్గురే ఉన్నారు, వాళ్లూ ఈడ్చుకుంటూ పోతున్నారు. గురప్ప షీట్లు పట్టుకుని రోడ్డుపక్క నిలబడి ఉన్నాడు.

"అన్నా, ఇడిసిపెట్టు. ముగ్గురినీ దాటేస్తా."

గురప్ప షీటు చూశాడు. ఒక్క క్షణం ఆయనకూ ఆశ పుట్టింది. ఆ తర్వాత తల అడ్డంగా ఊపాడు.

"ఇంకా పద్నాలుగు కిలోమీటర్లు ఉండాది ఓబయ్యా."

ఓబయ్య కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చంద్రగిరి అని గట్టిగా అరిచి, అదే వేగంతో వెళ్లి నాలుగోవాడుగా చేరాడు. వెనకే పదకొండుమంది, వాళ్లతో ముప్ఫైమంది గుండ్లు. ఎవరు ఏ డిపోనో తేలక నిర్వాహకులు అందరికీ మజ్జిగ ఇచ్చారు.

పక్షం తిరక్కుండా పైఆఫీసు నుంచి మెమో వచ్చింది. ఇతర డిపోలలో నలభై ఒక్కమంది గాయపడగా మీ డిపోలో ఒక్కరికీ ఏమీ కాకపోవడాన్ని బట్టి, మీ సిబ్బంది మనస్ఫూర్తిగా పరుగెత్తలేదని ఎందుకు భావించకూడదో తెలపాలని అందులో ఉంది. నిరుడు కాళ్లు చెడినందుకు సంజాయిషీ రాసిన కుప్పుస్వామి, ఈసారి చెడనందుకు ఏం రాయాలో తోచక రెండు రోజులు భోజనం చేయలేదు.

విచారణకు జయరావు అనే అధికారి వచ్చాడు. లాగ్ షీట్లన్నీ వరసగా చదివాడు. వాటిలో పొరపాటున కలిసిపోయిన వరలక్ష్మమ్మ షీటు దగ్గర ఆగాడు. లోపం: ఎడమ మోకాలు. తీసుకున్న చర్య: రుబ్బురోలు దగ్గర పీట ఎత్తు పెంచడమైనది. ఫలితం: మెట్లు ఎక్కుచున్నది. అది రెండుసార్లు చదివి, కుప్పుస్వామిని కాఫీ సంగతి చూడమని పంపి, తలుపు వేసుకున్నాడు.

"గురప్పా, నాకు కుడి మోకాలబ్బా. మూడేండ్లయింది."

గురప్ప ఆయన్ని బూట్లు విప్పి ఒంటికాలిమీద నిలబడమన్నాడు. కుప్పుస్వామి కాఫీ తెచ్చేసరికి విచారణాధికారి గోడకు ఆనుకుని సగం కూర్చుని ఉన్నాడు. పరుగు సంతృప్తికరమని ఫైలులో రాసి వెళ్లాడు.

ఫిబ్రవరి ఆఖరుకు పన్నెండుమందికీ వంద పూర్తయింది. గురప్ప అట్టలు విప్పేసి, ఇంక మీ ఇష్టం, ఎంత వేగంగా అయినా పోండని చెప్పాడు. ఓబయ్య రోడ్డు వైపు చాలాసేపు చూశాడు. వేగంగా పోయి ఏం చేయాలో ఎవరికీ తట్టలేదు. కాసేపటికి అందరూ పక్కపక్కనే మెల్లగా కదిలారు, ఎండాకాలం నీళ్ల గురించి మాట్లాడుకుంటూ. గురప్ప వాళ్లు మలుపు తిరిగేదాకా చూసి, గేర్‌బాక్సు విప్పిపెట్టిన బస్సు కిందికి దూరాడు.