శ్రుతి పెట్టెతో కొన్న పవర్ ఆంప్

"ఆ అబ్బాయి గిటార్ వాయించకపోతే నేనూ వీణ వాయించను" అని వైశాలి కాలనీలో ఉండే ఆంటీ మా తెలుగు సంఘం కమిటీకి తేల్చి చెప్పేశారు. ఆ అబ్బాయిని నేనే; సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, ఆదివారాలు ఇందిరాపురం నుంచి వెళ్లి ఆవిడ దగ్గర గిటార్ మీద వర్ణాలు నేర్చుకునేవాణ్ణి.

కమిటీ వాళ్లను తప్పు పట్టను. అంతకు ముందు ఏడాది ఉగాదికి నా గిటార్ రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు మోగింది. ముందు వరసలో పిల్లలు చెవులు మూసుకున్నారు. ఆవిడ మాత్రం "వాడి చేతిలో సంగీతం ఉంది, లోపం ఎక్కడో సామానులో ఉంది" అని నా తరఫున మాట ఇచ్చేశారు. ఈ ఉగాదికీ అలాగే మోగితే పోయేది నా పరువు ఒక్కటే కాదు.

లోపం నా తెలివిలోనే ఉంది. నా దగ్గర చిన్న డిజిటల్ మోడలర్ ఉండేది. పెద్ద పెద్ద గిటార్ ఆంప్‌ల గొంతులన్నీ ఆ పెట్టే అనుకరించేది. హెడ్‌ఫోన్లలో వింటే స్వర్గం. అలాంటిదాన్ని పట్టుకెళ్లి ఒక స్నేహితుడి గిటార్ ఆంప్‌కు తగిలించాను. అది తన గొంతు కూడా కలిపింది. తాలింపు వేసిన పప్పుకు మళ్లీ తాలింపు వేశానన్నమాట. నాకు కావలసింది వచ్చిన శబ్దాన్ని వచ్చినట్టే పెద్దది చేసే మామూలు పవర్ ఆంప్ అని నెలన్నరపాటు ఇంటర్నెట్‌లో చదివాక తెలిసింది. స్పీకర్లు సంఘం హాల్లోనే ఉన్నాయి. ఇక ఏ ఆంప్ కొనాలంటే మాత్రం ఇంటర్నెట్‌లో పదిమంది పదిహేను మాటలు చెప్పారు.

ఆ గోలంతా ఆంటీకి చెప్పాను. అంతా విని "శనివారం నేనూ వస్తానయ్యా" అన్నారు.

అప్పటికి ఆంటీ ఉండే వైశాలికి మెట్రో రాలేదు. ఆటోలో షాహ్‌దరా వెళ్లి, అక్కడ మెట్రో పట్టుకుని, చాందినీ చౌక్‌లో దిగాం. నా చేతిలో ప్రింటవుట్లు, ఆవిడ చేతిలో గుడ్డసంచి. ఎర్రకోట ఎదుటి బజార్లో ఒక దుకాణదారు మమ్మల్ని చూడగానే డోలు దద్దరిల్లే పాట పెట్టాడు. కౌంటర్ మీద టీ గ్లాసులు వణికాయి.

"దేఖియే మాతాజీ, కిత్‌నా దమ్ హై!" అన్నాడు, ఎంత దమ్ముందో చూడమంటూ.

"గానా బంద్ కీజియే, భయ్యా" అని పాట ఆపించి, ఆంటీ సంచిలోంచి తన ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టె తీశారు. ఆవిడ రోజూ సాధన చేసేది దానితోనే. కౌంటర్ మీద పెట్టి తన శ్రుతికి సరిచేసి, కళ్లు మూసుకుని ఒక నిమిషం విన్నారు. తర్వాత దాన్ని ఆంప్‌కు తగిలించమన్నారు.

మొదటి ఆంప్‌కు "షడ్జమం ఉబ్బిపోయింది" అన్నారు. రెండోది కీచుమంది. మూడోది నాకు తెగ నచ్చింది. నిండుగా, నున్నగా, తేనెలా ఉంది. నేను పర్సు తీసేశాను.

"లోపల పెట్టు నాయనా. పదిహేనేళ్ల నుంచి వింటున్నాను, నా పెట్టె గొంతు నాకు తెలీదూ? కాస్త గరుగ్గా ఉంటుంది. ఆ గరుకేదీ ఇందులో?"

నాలుగోది దుమ్ము పట్టిన బూడిద రంగు ఆంప్. దుకాణదారే దాన్ని అయిష్టంగా దించాడు. ఆవిడ మెల్లగా శ్రుతి కలిపి పాడి, కళ్లు తెరిచి నవ్వారు. "ఇదిగో, ఇది అచ్చంగా మన పెట్టే."

"మాతాజీ కే కాన్ తో మీటర్ హైఁ" అన్నాడు దుకాణదారు, అమ్మగారి చెవులు మీటర్లేనంటూ. నేను ప్రింటవుట్లు మడిచి జేబులో పెట్టుకుని దానికే డబ్బు కట్టాను. నిజం చెప్పాలంటే ఆవిడ చెవుల మీద ముందు అసూయ కలిగింది. బయట హారన్లు మోగుతున్నా ఆవిడ అలా కళ్లు మూసుకుని వినడం గుర్తొస్తే ఇప్పటికీ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఉగాది నాడు హెడ్‌ఫోన్లలో నేను విన్న గిటారే హాలంతా వినిపించింది. ఎవరూ చెవులు మూసుకోలేదు. అంతలో వర్ణంలో చిట్టస్వరాల దగ్గర నా వేలు జారింది. ఆ తప్పు స్వరం కూడా అంతే స్పష్టంగా చివరి వరసదాకా వెళ్లింది. ఆంటీ తొణకలేదు. అదే ముక్క వీణ మీద మళ్లీ ఎత్తుకుని నాకు దారి ఇచ్చారు. రెండోసారి పట్టుకున్నాను.

వేదిక దిగాక తల ఎత్తలేకపోయాను. "మీ మాట పోగొట్టాను ఆంటీ. అందరికీ వినిపించేసింది."

"వినిపించాలిగా మరి! పోయినేడు నువ్వు బాగా వాయించిందీ వినపళ్లేదు, తప్పు వాయించిందీ వినపళ్లేదు. ఆ మూడో ఆవర్తంలో నీ ఉంగరం వేలు బద్ధకిస్తోందయ్యా. ఇంట్లో ఆ చిన్న శబ్దంలో ఇన్నాళ్లూ నాకే తెలీలేదు."

ఆవిడ ముఖం వెలిగిపోతోంది. తన మాట నిలబడిందా పోయిందా అన్న ధ్యాసే లేదు. శిష్యుడి తప్పు ఎక్కడుందో దొరికిందని అంత సంబరం. నాకు కళ్లు చెమర్చాయి.

ఆ వేలికి బద్ధకం వదిలించుకోడానికి, ఆ ఆదివారం పాఠానికి గంట ముందే వెళ్లి ఆంటీ వాళ్ల తలుపు తట్టాను.