మంచు రింక్‌లో తాజా స్కోరు

1988లో నేను కువైట్ నగరంలోని ఒక మంచు రింక్‌లో, అంటే స్కేటింగ్ హాల్లో, రిఫ్రిజిరేషన్ ఇంజనీరుగా చేరాను. విజయవాడలో ఐస్ ఫ్యాక్టరీలు చూసినవాణ్ని కాబట్టి సూత్రం కొత్త కాదు. కంప్రెసర్లు అమోనియాతో ఉప్పునీటిని మామూలు నీరు గడ్డకట్టే స్థాయి కంటే బాగా కిందికి చల్లబరుస్తాయి. ఆ నీరు నేల కింద పైపుల్లో తిరిగితే పైన మంచు నిలుస్తుంది. కొత్తదల్లా ఆ మంచు మీద ఆడే హాకీ.

దాన్ని మాకు అంటించినవాడు డేవ్. కెనడా మనిషి, పిల్లలకు స్కేటింగ్ నేర్పేవాడు. వాళ్ల దేశపు ప్రొఫెషనల్ సీజన్ మ్యాచ్‌లను అతని తమ్ముడు వీడియో క్యాసెట్లలో పంపేవాడు. అవి మాకు చేరేసరికి నెల దాటేది. కాబట్టి రింక్‌లో ఒక నియమం ఉండేది: ఫలితం ముందే తెలిసినవాడు నోరు విప్పకూడదు. డేవ్‌కు ఫోన్‌లో తెలిసేది. అయినా పాపం, క్యాసెట్ వచ్చేదాకా ముఖం బిగబట్టుకుని తిరిగేవాడు.

జట్ల పేర్లు నోరు తిరగక చొక్కాల రంగులతో పిలుచుకునేవాళ్లం. ప్లాంటు ఆపరేటర్ ఓబులేసు, రాజంపేట వాడు, నీలం చొక్కాల పక్షం. ఈజిప్టు ఎలక్ట్రీషియన్ సయ్యద్ ఎర్ర చొక్కాల పక్షం. మా వాదనలు మామూలు అభిమానుల వాదనలు కావు. డేవ్ గోల్‌కీపర్‌ను తిడుతుంటే ఓబులేసు తెరమీద మంచును చూపించేవాడు.

“ఆ రబ్బరు బిళ్ల సూడు సార్, ఎట్ల ఎగిరెగిరి పడతాందో! ఆడ ఉప్పునీళ్లు ఎచ్చబడినాయి. గోలీని యాల తిడతావు? ఆపరేటర్ నిద్రపోతాండాడు, వాణ్ని తిట్టు.”

నేనది అనువదిస్తే డేవ్ పడీపడీ నవ్వేవాడు. కానీ మంచు మెత్తబడితే బిళ్ల గతి తప్పే మాట నిజమే. ఆటలో చివరిదైన మూడో భాగంలో అది నిజంగా కనిపించేది.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చింది. పాశ్చాత్య దేశాల వాళ్లను పట్టుకుని ఇరాక్‌కు తరలించసాగారు. వాళ్లను దాచినవారికి మరణశిక్ష అని ప్రకటించారు. భారతీయులం తిరగగలిగేవాళ్లం. డేవ్‌ను సాల్మియాలోని నా ఫ్లాట్ లోపలి గదిలో ఉంచాను. అతని దగ్గర బ్యాటరీలతో నడిచే షార్ట్‌వేవ్ రేడియో ఉండేది.

రింక్ హాలును మాంసం నిల్వకు వాడాలని సైన్యం అనుకుంది. అందుకని ప్లాంటు ఆగలేదు. దాని మీద ఒక నకీబ్‌ను వేశారు. మన లెక్కలో కెప్టెన్. చెకొస్లొవేకియాలో ఇంజనీరింగ్ చదివిన మనిషి. వారానికోసారి వచ్చి గేజీలు స్వయంగా చదివి లాగ్‌బుక్‌లో సంతకం పెట్టేవాడు. నాతో ఇంగ్లిష్‌లో అవసరమైనంతే మాట్లాడేవాడు.

అక్టోబరులో కెనడాలో కొత్త సీజన్ మొదలైంది. డేవ్ రేడియోలో విన్న ఫలితాలను నేను ప్లాంటుకు మోసేవాణ్ని. జీవితంలో మొదటిసారి మేం సీజన్‌తో పాటు నడుస్తున్నాం. ఓబులేసు ఆ ఆనందం తట్టుకోలేకపోయాడు. ఒక ఉదయం నకీబ్ కంప్రెసర్ వెనక ఉన్నాడని చూసుకోకుండా, సయ్యద్‌తో తన అరబ్బీలో కేకేశాడు: “ఖలాస్! నిన్న నీ ఎర్రచొక్కాలకు అయిదు గోల్స్ పడ్డాయి. యల్లా, తొందరగా చాయ్ పెట్టు!”

నకీబ్ బయటికొచ్చాడు. నిన్నటి ఆట సంగతి ఇక్కడికెలా వచ్చిందని అడిగాడు. పోస్టు లేదు, విదేశీ ఫోన్లు లేవు. ప్యానెల్ మీదున్న నా రేడియోను చూపించి, అందులో విన్నామన్నాను. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని డయల్ చూశాడు, వెనక్కి తిప్పి చూశాడు. అది స్థానిక స్టేషన్లు మాత్రమే పట్టే రేడియో. కరెంటు తీగ తప్ప బ్యాటరీలు పెట్టే చోటే లేదు.

దాన్ని తిరిగి ప్యానెల్ మీద పెట్టి, చదువుకునే రోజుల్లో చెకొస్లొవేకియాలో తను చూసిన హాకీ క్లబ్ కుర్రాడొకడు ఈ ఏడాది కెనడాలో ఆడుతున్నాడని చెప్పాడు. పేరు కూడా చెప్పాడు. “ఎలా ఆడుతున్నాడో నీ రేడియోను అడుగు,” అని వెళ్లిపోయాడు.

ఓబులేసు ముఖంలో నెత్తురు లేదు. “నా నాలిక కొయ్యాల సార్. ఆయప్ప కనిపెట్టినాడు. రేపు మీ ఇంటికొస్తే డేవ్ సారుతో పాటు మనం ముగ్గురం పోతాం.”

సయ్యద్ మాత్రం అది అభిమాని ప్రశ్నేనని వాదించాడు. తేల్చుకునే తీరిక మాకు లేదు. ఓబులేసు బామ్మర్ది నగరానికి దక్షిణాన ఎగైలాలో ఒక ఇంటి డ్రైవరు. యజమానులు సౌదీకి వెళ్లిపోయారు, తాళాలు అతని దగ్గరున్నాయి. ఆ మధ్యాహ్నమే డేవ్‌ను ప్లాంటు వ్యాన్‌లో ఉప్పు బస్తాల వెనక పడుకోబెట్టి తీసుకెళ్లాం. చెక్‌పోస్టులో చూపించింది ప్లాంటు ఉప్పు రవాణాకు ఆ నకీబ్ సంతకం చేసిన అనుమతి పత్రమే. సైనికుడు పైబస్తాను బాకుతో పొడిచి, వేలికి అంటింది నాకి, ఉమ్మి, పొమ్మన్నాడు.

నా ఫ్లాట్‌కు ఎవరూ రాలేదు. మరుసటి వారం నకీబ్ వచ్చాడు. గేజీలు చదివాడు, సంతకం పెట్టాడు. వెళ్లేముందు కోటు జేబులోంచి నాలుగు బ్యాటరీలు తీసి, బ్యాటరీలు పెట్టే చోటే లేని నా రేడియో పక్కన పెట్టాడు.

వాటిని ముట్టుకోవడానికి కూడా రెండు రోజులు భయపడ్డాం. చివరికి ఓబులేసు ఎగైలాకు పట్టుకెళ్లాడు. ఆ బ్యాటరీలతోనే డేవ్ నకీబ్ ప్రశ్నకు జవాబు విన్నాడు: కుర్రాడు గోల్ కొట్టాడు.

“ఆయప్పకు చెప్దామా సార్?” అన్నాడు ఓబులేసు.

చెప్పే అవకాశం రాలేదు. తర్వాతి వారం సంతకానికి వేరే అధికారి వచ్చాడు. డిసెంబరులో విదేశీయులను వెళ్లనిస్తామని ప్రకటించాక డేవ్ క్షేమంగా వెళ్లాడు.

అమోనియా ప్లాంట్‌లో వాసన తగిలితే ముందు మాస్కు, లీకు ఎక్కడని వెతకడం తర్వాత. అది చివరికి లీకు కాదని తేలినా మాస్కు పెట్టుకోవడం పొరపాటు కాదు. డేవ్‌ను తరలించడం గురించి నా అభిప్రాయం ఈనాటికీ అదే. నిన్నటి స్కోరు దాచిన రేడియోను పట్టిచ్చినట్టే, గేజీ అంకె చెప్పేటప్పుడు అది ఏ పైపు మీదిదో కూడా బయటపడుతుందన్నది మాత్రం ఆ తర్వాత చేరిన ప్రతి ఆపరేటర్‌కూ మొదటి రోజే చెప్పాను.