రత్నాబాయి ఎడమ అడుగు

బంబై కామాఠీపురా పదకొండో గల్లీలో, మా బిల్డింగు డాబా మీద, రోజూ తెల్లవారుజామున నల్లాలో నీళ్ళు రాకముందే రత్నాబాయి చీనీ సాము చేసేది. చీర వెనక్కి దోపుకుని, చప్పుడు లేకుండా, ఒకే కదలికల వరుస మూడుసార్లు. ఎనభై ఐదు నాటికి ఆమె వయసు నలభై నాలుగు. దగ్గర్లోని బడిలో ఆయా పని. కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు ఏదో మొక్కు తీర్చుకుంటోందనుకునేవాళ్ళు. మిగతావాళ్ళకు అలవాటైపోయింది. నేను ఆమె దగ్గర ఆ సాము నేర్చుకున్నదాన్ని. ఇందులో కొంత ఆమె నాకు చెప్పింది, కొంత నేను చూసింది.

ఆమె తల్లి ముత్తమ్మ శుక్లాజీ వీధిలో ఒక చీనీ పళ్ళ డాక్టరు ఇంట్లో పనిచేసేది. డాక్టరు పేరు లియాంగ్, చైనాలో కాంటన్ వైపు పల్లెటూరివాడు. ముందుగది దవాఖానా, వెనకగది ఇల్లు. భార్య పోయింది, మేలింగ్ అని ఒక్కతే కూతురు. తన తండ్రి నుంచి వచ్చిన సాము ఆ పిల్లకు నేర్పడం మొదలుపెట్టాడు. ఎదురు నిలబడి దెబ్బ కాచుకోవడానికి ఇంకొకరు కావలసివచ్చి, తల్లి వెంట వచ్చి మెట్ల మీద కూర్చునే రత్నను లోపలికి పిలిచాడు. అప్పుడామెకు పదకొండేళ్ళు. మధ్యాహ్నం రోగులు రాని రెండు గంటలు దవాఖానా గదిలోనే సాధన. పెద్దయ్య అనే పెయింటరుతో పెళ్ళయి పక్క గల్లీకి వెళ్ళాక కూడా, తల్లి చేసిన పని తనే చేస్తూ రత్నాబాయి ఆ సాధన మానలేదు.

లియాంగ్ నేర్పిన వరుస పేరు సప్ జీ. చీనీ రాతలో పది అనే అక్షరం అది. నిలువు గీత ఒకటి, దాన్ని కోస్తూ అడ్డగీత ఒకటి. వరుస చేసేవాళ్ళ అడుగులు నేల మీద ఆ అక్షరమే గీస్తాయి.

అరవై రెండులో చైనాతో యుద్ధం వచ్చింది. లియాంగ్ పోలీసు ఠాణాకు వెళ్ళి హాజరు వేయించుకోవలసివచ్చింది. నోరు తెరిచి ఆయన చేతికి అప్పగించే రోగులు కరువయ్యారు. మరుసటి ఏడు తండ్రీకూతుళ్ళు హాంకాంగ్ ఓడ ఎక్కారు. వెళ్ళేముందు ఆయన తనకొచ్చిన హిందీలో, “రోజ్ కర్నా. బదల్నా నై,” అన్నాడు. రోజూ చెయ్యి, ఏమీ మార్చకు. రత్నాబాయి ఇరవై రెండేళ్ళు ఆ మాట మీదే నడిచింది.

ఎనభై ఐదులో, బంబై కుర్రాళ్ళకు కుంగ్‌ఫూ పిచ్చి పట్టిన రోజుల్లో, బడి గోడ మీద ఒక చేతిరాత కాగితం అంటించారు. నాగ్‌పాడాలో ఒక వ్యాయామశాల పైగదిలో చీనీ సాము నేర్పుతారట. నేర్పేవాటిలో సప్ జీ అని కూడా ఉంది. ఆ పేరు లియాంగ్ నోట తప్ప ఆమె ఎక్కడా విని ఎరగదు. ఆ సాయంత్రమే వెళ్ళింది.

నేర్పేవాడు నారాయణ, ముప్పై ఏళ్ళవాడు, మా ఎనిమిదో గల్లీ తెలుగువాడే. ఉద్యోగం మీద కలకత్తాలో ఏడేళ్ళుండి, బౌబజారులో ఒక చీనీ వడ్రంగి దగ్గర నేర్చుకుని వచ్చాడు. తను వచ్చిన పని ఆమె చెబితే మొదట నవ్వాడు. “చేసి చూపియ్యక్కా,” అన్నాడు. పదహారు కదలికల దాకా ఆమె చేస్తుంటే అతని నవ్వు పోయింది. పదిహేడో దగ్గర మళ్ళీ నోరు విప్పాడు.

“అక్కా, బురా అనుకోకున్రి. ఈడ మీరు ఎడమకు పోతున్నరు. గట్ల లేదు. సీదా ముందుకే పోవాలె.”

“మా మాస్టర్ గిట్లనే చెప్పిండు.”

“మర్చిపోయిన్రేమో. ఇర్వై రెండేండ్లాయె గదా.”

ఆమె ఇంటికొచ్చేసింది. నాలుగు రోజులు డాబా ఎక్కలేదు. ఏ రోజున ఏ అడుగు జారిపోయిందో ఎంత వెనక్కి వెళ్ళినా తేలలేదు. ఆ నాలుగు రోజులూ తెల్లవారుజామున ఏం చెయ్యాలో తోచక ఇంట్లో సామానంతా సర్దింది. ఐదో రోజు పెద్దయ్యకు చాయ్ గిన్నె కనబడలేదు.

“ఏమైంది నీకు?” అన్నాడు.

“గల్తీ చేస్తున్ననంట. ఇన్నేండ్ల సంది.”

“ఎవరన్నరు? ఆ పోరడా? వాని మాస్టరే గల్తీ చెప్పిండేమో. పోయి ఇద్దరు మంచిగ కూసోని చూసుకోండ్రి. నా గిన్నె యాడ వెట్టినవో చెప్పి పో.”

ఆదివారం మళ్ళీ వెళ్ళింది. ఈసారి బడి నుంచి రెండు రంగుల సుద్దముక్కలు తీసుకెళ్ళింది. నారాయణ అడుగు తరువాత అడుగు వేస్తుంటే తెల్లసుద్దతో గుర్తు పెట్టింది. తను చేస్తుంటే అతను ఎర్రసుద్దతో పెట్టాడు. అతని వరుసలో యాభై రెండు కదలికలు, ఆమెదాంట్లో నలభై ఆరు. తేడాలు పదకొండు తేలాయి. మోచేయి ఎత్తు, పిడికిలి తిప్పే వైపు, ఇలాంటివి చాలా. కానీ ఎర్రగీతలు రెండు చోట్ల గది మధ్యకొచ్చి వంపు తిరిగి, దేన్నో తప్పుకున్నట్టు పక్కగా పోయాయి. రెండు వంపుల మధ్య ఖాళీ నేల మిగిలింది.

రత్నాబాయి ఆ ఖాళీ చుట్టూ ఒకసారి నడిచింది. తరువాత నేల మీదే కూలబడి నవ్వడం మొదలుపెట్టింది.

“ఏందక్కా?”

“ఈడ ఖుర్సీ ఉండె తమ్మీ. పండ్లు పీకే ఖుర్సీ. బోల్టులు కొట్టి నేలకు బిగిచ్చిన్రు. దాని చుట్టు తిరిగి పోతుంటిమి.”

మాస్టరు ఎడమకు వెళ్ళమన్న మాట నిజమే. ఎందుకు వెళ్ళమన్నాడో ఆయన చెప్పలేదు, వాళ్ళు అడగలేదు. లేని కుర్చీ చుట్టూ ఆమె డాబా మీద ఇరవై రెండేళ్ళు తిరిగింది.

అయినా కుర్చీతో తీరినవి రెండు తేడాలే. మిగిలిన తొమ్మిదింటి సంగతి తేల్చుకోవడానికి ఇద్దరూ మజ్‌గావ్‌లోని చీనీ గుడికి వెళ్ళారు. అక్కడ ఫంగ్ అనే ముసలాయన ఉండేవాడు, ఒకప్పుడు ఓడల్లో ఫిట్టరు. మోకాళ్ళు పోవడంతో చెయ్యలేడు గానీ చూడగలడు. స్టూలు వేసుకుని ఇద్దరి వరుసా రెండేసిసార్లు చూశాడు. నారాయణ ఎగిరి తన్నగానే ఫంగ్ చెయ్యి అడ్డంగా ఊపాడు.

“అది కొత్త. పండగకు జనం చప్పట్లు కొట్టడానికి పెట్టింది.”

రత్నాబాయి నడుం దించి కూర్చున్నంత కిందికి దిగే చోట మాత్రం స్టూలు మీంచి లేచాడు. అది పాత పద్ధతట, తన ఊళ్ళో ముసలివాళ్ళు అలాగే దిగేవారట. ముప్ఫై ఒకటో కదలిక మాత్రం ఆమే పోగొట్టుకుందన్నాడు. దాని ముందు చెయ్యీ తరువాత చెయ్యీ అతుక్కోవడం లేదు. అది నిజంగా మరుపే. ఆమె ఒప్పుకుంది. మిగిలిన ఆరు తేడాల గురించి అడిగితే తన ఊళ్ళో మూడో రకంగా చేస్తారని చెప్పి నవ్వేశాడు. ఆయన విన్నదాని ప్రకారం సప్ జీ ఒక్క గురువు దగ్గర నుంచే వచ్చింది. ఆ గురువు శిష్యులిద్దరికి చెడి, ఒకడు ఊళ్ళోనే ఉండిపోయాడు, ఒకడు పట్నం పోయాడు. వీళ్ళ రెండు వరుసలూ ఆ రెండు చేతుల మీదుగా వచ్చినవి అయ్యుండాలి.

వెళ్ళొచ్చేటప్పుడు ఫంగ్ దగ్గర మేలింగ్ చిరునామా దొరికింది. రత్నాబాయి నారాయణ చేత ఉత్తరం రాయించింది. మూడు నెలలకు జవాబొచ్చింది. లియాంగ్ డెబ్బై ఒకటిలో పోయాడు. మేలింగ్ బట్టల ఫ్యాక్టరీలో సూపర్వైజరు. ఓడ దిగాక ఒక్కరోజు కూడా సాము చెయ్యలేదని, మొదటి మూడు కదలికలే గుర్తున్నాయని రాసింది. కుర్చీ మాత్రం గుర్తుందట, మోకాలికి తగిలిన మచ్చ ఇంకా ఉందట. నారాయణ చదవడం అయ్యాక రత్నాబాయి ఉత్తరం మడిచి రవికలో పెట్టుకుంది. లియాంగ్ వరుస తెలిసిన మనిషి లోకంలో తనొక్కతే అని ఆమెకు అప్పుడే తెలిసింది.

ఆ వేసవిలోనే మా గల్లీ ఆడపిల్లలం పదకొండు మందిమి ఆమె దగ్గర చేరాం. నాగ్‌పాడా పైగదిలో పొద్దున మాకు ఆమె, సాయంత్రం కుర్రాళ్ళకు నారాయణ నేర్పేవాళ్ళు. కుర్చీ చోట మాకు తిన్నగా వెళ్ళడమే నేర్పింది. పోయిన ముప్ఫై ఒకటోదాన్ని నారాయణ దగ్గర నేర్చుకుని మరీ చెప్పింది. కిందికి దిగే పద్ధతి ఆమె దగ్గర నారాయణ నేర్చుకున్నాడు. ఎగిరి తన్నడం మానలేదు, కుర్రాళ్ళు దానికోసమే వస్తారన్నాడు. ఆమె డాబా మీద ఒంటరిగా చేసేటప్పుడు మాత్రం అప్పటికీ ఎడమకే వెళ్ళేది. అడిగితే, “నా కాళ్ళు ఇనవు,” అనేది.

ఎనభై ఎనిమిదిలో నారాయణ గది గోడకు గురువుల బోర్డు పెట్టించాడు. ఒకవైపు కలకత్తా వడ్రంగి, ఆయన కింద తన పేరు. రెండోవైపు లియాంగ్, ఆయన కింద రత్నాబాయి. రంగులు వేసింది పెద్దయ్యే. ఆరీ ఆరకముందే రత్నాబాయి వచ్చి చూసింది.

“మేలింగ్ పేరేది?”

“ఆమె మర్చిపోయింది గదక్కా. మూడే యాదికున్నయని రాసె.”

“నాకంటె ముంగట నేర్సింది. ఆమెకు నేర్పుదమనే మొదలువెట్టిండు. నేను దెబ్బలు కాసెతందుకు వొయిన. ముందు ఆమెది రాయి.”

పెద్దయ్య గొణుక్కుంటూ ఆ పక్క అంతా చెరిపి, లియాంగ్ కింద మేలింగ్ అని, దాని పక్కన, చోటు చాలక కొంచెం చిన్న అక్షరాలతో, రత్నాబాయి అని రాశాడు.