జవాబు కోసం ఆగే పాఠం

మా సారు పోయారన్న కబురు వచ్చినప్పుడు సారు గొంతు నా క్లాసులో పాఠం చెబుతూ ఉంది.

నంద్యాలలో నేను పనిచేసే డిగ్రీ కాలేజీలో అది రెండో ఏడాది ఎకనామిక్స్ క్లాసు. డిమాండు పాఠం. దాన్ని ఆయన చెప్పినట్టు నేను చెప్పలేను. అందుకే కాలేజీల పోర్టల్లో ఉన్న ఆయన ఆడియోను ఫోన్లో పెట్టి, స్పీకరుకు కలిపి వినిపిస్తాను. మధ్యమధ్యలో ఆపి బోర్డు మీద బొమ్మ గీస్తాను. ఆ రోజు మెసేజ్ వచ్చిన చప్పుడు స్పీకరులోంచి గట్టిగా మోగింది. పిల్లలు నవ్వారు. చూస్తే మా ఆళ్ళగడ్డ పాత విద్యార్థుల గ్రూపు. "సారు పోయినాడంట. పొద్దున నీళ్ళ బిందె ఎత్తుతా కూలబడినాడంట."

నేను అది చదువుతున్నాను, ఆయన ఉప్పు ధర గురించి చెబుతున్నారు. ఆపుదామని వేలు పెట్టి మళ్ళీ తీసేశాను. ఆపితే ఇంక ఎప్పటికీ ఆగిపోతారేమో అన్న పిచ్చి భయం. గంట కొట్టేదాకా అట్లాగే నిలబడ్డాను. పిల్లలు బుద్ధిగా నోట్సు రాసుకున్నారు.

ఉప్పు ధర అన్నాను కదా, అది నా పాఠమే. ఆళ్ళగడ్డలో డిగ్రీలో చేరిన కొత్తలో నేను క్లాసులో నోరు తెరిచేదాన్ని కాదు. మా నాయనది బజారులో కిరాణా అంగడి. ఇంట్లో గలగలమనే నోరు కాలేజీ గుమ్మం దాటగానే మూతపడేది. ఒకరోజు సారు నన్ను లేపారు. "అంగడోళ్ళ పాపా, రేపు మీ నాయన ఉప్పు ధర పెంచితే జనం ఉప్పు తినేది మానేస్తారా?" అని అడిగి, అడిగీ అడగగానే వీపు తిప్పి కిటికీ దగ్గరకు పోయారు. బయటకు చూస్తూ నిలబడ్డారు. అదే ఆయన పద్ధతి. ఎవరిని ప్రశ్న అడిగినా కిటికీ వైపు తిరిగేవారు. ఎందుకు సార్ అని తర్వాత ఎప్పుడో అడిగితే, "నేను మొగం చూస్తాంటే మీకు నోరు పెగలదు కదప్పా" అన్నారు. ఆడపిల్లలైనా మగపిల్లలైనా ఆయనకు అందరూ అప్పానే.

ఆ రోజు ఎంతసేపటికీ నాకు మాట రాలేదు. వెనక బెంచీల వాళ్ళు కిసుక్కుమన్నారు. ఆయన తిరగలేదు. కిటికీలోంచే అన్నారు, "తొందరేం లేదప్పా. నేనీడే ఉంటా." మిగతా లెక్చరర్లు ప్రశ్న అడిగి, గాలి పీల్చుకుని, జవాబూ వాళ్ళే చెప్పేసేవారు. సిలబస్ తరుముతుంది మరి. ఈయన మాత్రం ఆగేవారు. చివరికి నేను, "మానరు సార్, మా నాయనను తిట్టుకుంటా కొంటారు" అన్నాను. క్లాసంతా గొల్లుమంది. సారు ఇటు తిరిగి, నవ్వు ఆపుకుంటూ, "అదే పాఠం. పుస్తకంలో ఇంగ్లీషులో ఉండాది, ఈ పాప తెలుగులో చెప్పింది" అన్నారు. నేను లెక్చరర్ని కావడం ఆ మధ్యాహ్నమే మొదలైందని ఇప్పుడు అనిపిస్తుంది.

కరోనాకు కాలేజీలు మూసినప్పుడు అందరూ కంప్యూటరు ముందు కూర్చుని ఆన్‌లైన్ క్లాసులు చెప్పారు. సారూ చెప్పారు. చెప్పి చూసుకుంటే క్లాసులో ఉన్నది నలుగురు. రుద్రవరం వైపు పిల్లలకు సిగ్నల్ నిలవదు, సిగ్నల్ ఉన్నవాళ్ళకు డేటా చాలదు. ఆయన రెండు రోజులు తిండి సరిగ్గా తినలేదని అమ్మ చెప్పేది. సారు భార్యను మేమంతా అమ్మ అనే పిలుస్తాం. మూడో రోజు బియ్యం మూటలున్న గదిలోకి పోయి తలుపేసుకున్నారట. గదంతా మూటలుంటే గొంతు గోడలకు కొట్టుకోదని ఎవరో చెప్పారట. ఫోను ఒక మూటకు ఆనించి, ఒట్టి గొంతుతో పాఠం చెప్పి, చిన్న చిన్న ముక్కలుగా క్లాసు గ్రూపులో పెట్టారు. నన్నూ అందులో చేర్చారు. సిగ్నల్ ఉన్న చోటికి పోయి ఒక్కసారి దించుకుంటే చాలు. ఒకరి ఫోన్లోంచి ఇంకొకరి ఫోన్లోకి పోయేవి.

ఆ పాఠాల్లో కూడా ఆయన ఆగేవారు. ప్రశ్న అడిగి, క్లాసులో ఎంతసేపు ఆగేవారో అంతసేపూ ఆగేవారు. ఆ ఖాళీలో ఉలి చప్పుడు వినపడేది. సారు ఇల్లు శిల్పుల షెడ్ల వెనక సందులో. పొద్దుగూకులూ అక్కడ ఎవరో ఒకరు రాయి కొడుతూనే ఉంటారు. అమ్మ నాకు ఫోను చేసి గోలపెట్టింది. "ఏందోమ్మా మీ సారు, పోను ముందర పెట్టుకొని ఏందో అడుగుతాడు. మళ్ళ గమ్మున కిటికీకల్లా చూస్తా కూచుంటాడు. నాకు బయమైతాంది." నేను నవ్వి, పిల్లలు జవాబు చెప్పాలి కదమ్మా అన్నాను. "యాడుండారు పిల్లోల్లు? బియ్యం మూటలుండాయి!"

పిల్లలున్నారు. రుద్రవరం దగ్గర పల్లెలో ఒక అమ్మాయి, సారు దగ్గర చదివేది, ఇంట్లో జరగక కాలేజీ మానుకుని పత్తి తీయడానికి పోయేది. చెవుల్లో ఇయర్‌ఫోన్ పెట్టుకుని పాఠం వింటూ పత్తి తీసేది. సారు అడిగి ఆగగానే పైకే జవాబు చెప్పేది. పక్క సాలులో వాళ్ళు, "ఎవరితో మాట్లాడతాండావే, గాలి సోకిందా?" అని ఆటపట్టించేవారట. సారు ఈ సంగతి నాకు ఎన్నిసార్లు చెప్పారో. "ఇప్పుడు నా క్లాసు పత్తి చేన్లో నడుస్తాందప్పా" అని పొంగిపోయేవారు. ఆ అమ్మాయి అట్లా వింటూనే పరీక్షలు రాసి ఒక్కొక్కటే గట్టెక్కింది. ఎకనామిక్స్‌లోనే ఆఖరి పేపరొకటి మిగిలింది.

తర్వాత పాఠాలన్నీ పోర్టల్లో అందరికీ తెరిచి పెట్టమని పై నుంచి చెప్పారు. ఎవరైనా తీసుకోవచ్చు, వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. సారుకు పండగే. చదువు అంగట్లో సరుకా, ఇస్తే తరిగేదానికి అనేది ఆయన పాత మాటే. ప్రతి పాఠం చివరా, "ఇది అందరిదీ. తీసుకోండి, మార్చుకోండి, కావాలంటే మీ పేరే పెట్టుకోండి" అని కలిపి పంపారు. తిరిగి వచ్చాయి. మధ్యలో అనవసర నిశ్శబ్దం, వెనక చప్పుడు ఉన్నాయి గనక నాణ్యత చాలదన్నారు. ఆ తర్వాత వాళ్ళే ఏదో సాఫ్ట్‌వేరులో వేసి, నిశ్శబ్దాలన్నీ కోసి, ఉలి చప్పుడు తుడిచి, నున్నగా చేసి పెట్టారు.

ఆ నున్నటి పాఠాన్ని సారు మొదటిసారి విన్నది నా ఎదుటే, నంద్యాల బస్టాండు దగ్గర టీ అంగట్లో. చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి కాసేపు దాన్నే చూశారు. "ఏందప్పా ఇది, నేనే అడిగి నేనే చెప్పేసుకుంటాండా. తిక్కలోని మాదిరుండాది." ఊరుకోవద్దు సార్, రాద్దాం అన్నాను. "ఏమని రాసేది? మార్చుకోండి అని మనమే చెప్తిమి. ఇప్పుడు మార్చినారని కొట్లాడేదా?" టీ చల్లారిపోయింది. తాగకుండానే లేచారు. నాకు మాత్రం ఇప్పటికీ కడుపు మండుతుంది. మంచి మనసుతో తలుపు బార్లా తెరిస్తే, వచ్చినవాళ్ళు కిటికీ మూసేసి పోయారు.

సారు పోయాక ఆ రుద్రవరం అమ్మాయి నాకు ఫోను చేసింది. కాలువలో పడి తన పాత ఫోను పోయింది, అందులోని పాఠాలూ పోయాయి. పోర్టల్లోవి వింటోంది. "ఇప్పుడు సారు అడిగిన నోటితోనే జవాబు చెప్పేస్తాడు మేడం. నన్ను చెప్పనీడంల్యా. నేను నోరు తెరిసేలోపల ముందుకు పోతాడు. ఏమీ తలకెక్కడంల్యా." పాతవి నా ఫోన్లో ఉండాయి, పంపిస్తాలే అని సారు ఆమెకు చెప్పారట. పంపేలోపల ఆ బిందె ఎత్తారు. నెల తిరిగితే ఆమెకు పరీక్ష.

ఆ పాఠాల కోసం నేను చేయని ప్రయత్నం లేదు. ఆ క్లాసు గ్రూపులో అడిగితే ఎవరి దగ్గరా లేవు. పరీక్షలైపోగానే ఎవరు దాచుకుంటారు? పాత మెసేజీల్లోకి వెనక్కి వెనక్కి పోయి ఒక పాఠం మీద నొక్కాను. ఈ ఫైలు ఇప్పుడు లేదు, పంపినవారిని మళ్ళీ పంపమని అడగండి అని వచ్చింది. నాకు ఏడుపు ఆగలేదు.

ఆళ్ళగడ్డ పోయాను. అమ్మ సారు ఫోనును దేవుని పటం పక్కన పెట్టుకుని ఉంది. చార్జింగ్ మాత్రం పెడుతూనే ఉంది. తెరవడం తెలియదు. "ఏలు ఆనిస్తే తెరుచుకునేది. ఆ ఏలు యాడనుంచి తెచ్చేది?" అంది. ఏడవకుండా, మామూలుగా అంది. తెర మీద గీత గీసినా తెరుచుకుంటుంది కానీ ఏ గీతో ఆమె ఎన్నడూ చూడలేదు. ఫోనును నంద్యాల తెచ్చి రిపేరు అంగట్లో చూపించాను. అతను అటూ ఇటూ తిప్పి, "తెరుస్తా మేడం. తెరిస్తే లోపలుండేదంతా పోతాది. తెరవకుంటే అంతా ఉంటాది" అన్నాడు. తీసుకుని వచ్చేశాను.

చేతగాక, నేనే పాఠం చెప్పి రికార్డు చేశాను. అనుమతి ఆయన ఎప్పుడో ఇచ్చారు కదా. అడిగాను, ఆగాను, మళ్ళీ అడిగాను. ఆ అమ్మాయికి పంపితే రెండు రోజులకు ఫోను చేసింది. పాపం, నొప్పించకూడదని ఎంత తడుముకుందో. "బాగుంది మేడం. కానీ మీరు ఊరికే ఆగినారు. సారు నాకోసరం కాచుకోనుండేవాడు." ఆ రెండింటికీ ఉన్న తేడాను ఏ సాఫ్ట్‌వేరులో వేసి తేవాలో నాకు తెలియదు. చదువుకున్నదాన్ని, జీతం తీసుకుంటున్నదాన్ని, ఒక్క పిల్లకు కాస్త ఖాళీ ఇవ్వలేకపోయాను.

పోయిన ఆదివారం ఆ అమ్మాయి అమ్మను చూస్తానని బస్సెక్కి ఆళ్ళగడ్డ వచ్చింది. ఇద్దరం కలిసి సారు ఇంటికి పోయాం. మాటల్లో అమ్మ అంది, "పతిదీ మొదట నాకే పంపేవాడు, సద్దు సరిగా వస్తాందా చూడు అని." అవెక్కడమ్మా అన్నాను. "పోను నిండిపొయ్యిందంటాంటే అన్నీ తుడిసేస్తిని. రోజూ ఇంట్లో వినే గొంతే కదా, దాసుకునేదేముందిలే అనుకుంటి. నాకేం తెల్సు తల్లీ?" ఆమె చిన్న ఫోనంతా వెదికితే, తుడిచేయడం మరిచిన పాఠం ఒకే ఒకటి దొరికింది. పరీక్షకు ఒక్క పాఠం ఏం సరిపోతుంది?

అయినా పెట్టాం. ఆ బియ్యం మూటల గదిలోనే కూర్చున్నాం. సారు గొంతు దగ్గి, సర్దుకుని, మొదలుపెట్టింది. వెనక ఉలి చప్పుడు. బయట సందులోనూ ఎవరో రాయి కొడుతున్నారు. ఏది ఆనాటిదో ఏది ఈనాటిదో తెలియలేదు. పత్తి ధర పడిపోతే వచ్చే ఏడు రైతు ఏం చేస్తాడో చెప్పప్పా, అని అడిగి సారు ఆగారు.

ఆ అమ్మాయి నోరు తెరిచింది. జవాబు ఆమెకు తెలుసు, ఆమె బతుకే అది. గొంతు దాటి మాట రాలేదు. నేనూ అమ్మా ఒకరికొకరం చెప్పుకోకుండానే కిటికీ వైపు తిరిగాం. వెనకనుంచి ఏమీ వినపడలేదు. ఉలి కొడుతూనే ఉంది.

అప్పుడు ఫోన్లోంచి సారు, "తొందరేం లేదప్పా. నేనీడే ఉంటా" అన్నారు.

మేము కిటికీలోంచి బయటకు చూస్తూ నిలబడ్డాం.