ఇంకా పాలు వస్తున్నాయి

మా మేడమ్ పోయారని ఆదివారం పొద్దున జాన్సన్‌విల్‌లోని వాళ్ళింటి నుంచి ఆమె భర్త, అంకుల్, ఫోన్ చేశారు. "నిద్రలోనే పోయిందమ్మా," అన్నారు. ఫోన్ పెట్టేశాక గదిలో అటూ ఇటూ తిరిగాను. కూర్చోలేక ల్యాబ్‌కు వెళ్ళిపోయాను.

ఆమె నా పీహెచ్‌డీ గైడ్. కాకినాడ మనిషి. సముద్రం అడుగు మట్టిలోంచి ఇసుక రేణువంత గవ్వలను ఏరి, వేల ఏళ్ళ కిందట ఆ నీళ్ళు ఎంత వెచ్చగా ఉండేవో చెప్పడం మా పని. గవ్వలో మెగ్నీషియం ఎక్కువుంటే నీళ్ళు వెచ్చనన్నమాట. చిక్కేమిటంటే, అంటుకున్న మట్టిలోనూ మెగ్నీషియం ఉంటుంది. సరిగా కడగకపోతే లేని వేడి కనిపిస్తుంది.

అందుకే ఆమె ముందు కడగడం నేర్పారు. చిన్న ట్యూబులో గవ్వల మీద నీళ్ళు పోసి, కదిపి, తెల్లగా లేచిన మట్టిని వంచెయ్యాలి. "బియ్యం కడిగినట్టే. పాలు రావడం ఆగేదాకా," అనేవారు. ఇంగ్లీషులోనూ అదే మాట: "స్టిల్ మిల్క్!" కొత్తగా చేరిన న్యూజిలాండ్ టెక్నీషియన్ అది విని ఫ్రిజ్ తెరిచి చూసి, వీధి మలుపులో, ఇక్కడ డెయిరీ అనే చిల్లర కొట్టుకు వెళ్ళి పాల సీసా కొనుక్కొచ్చాడు. ఆ రోజు మేడమ్ అందరికీ టీ పెట్టారు.

నేను సిస్టర్ల బడిలో చదివినదాన్ని. అడిగితేనే జవాబు చెప్పడం అలవాటు. ఆమెకది నచ్చేది కాదు. "ల్యాబ్‌లో మేడమ్, ఇంట్లో ఆంటీ. రెండు చోట్లా నాతో పోట్లాడొచ్చు," అనేవారు. ఇంటికి భోజనానికి పిలిచి బియ్యం నా చేతే కడిగించేవారు.

పోట్లాడింది ఒక్కసారే, మొన్న శుక్రవారం. నా థీసిస్ అంతా ఒక్క పొర గవ్వల్లో కనిపించిన వేడి మీద నిలబడి ఉంది.

"అది సముద్రం వేడో మట్టి వేడో నాకు నమ్మకం లేదు. మళ్ళీ కడుగు."

"కడిగాను మేడమ్."

"పాలు ఆగాయా?"

"ఆగాయి. ఇంకా కదిపితే గవ్వలే పొడైపోతాయి."

ఆమె కళ్ళజోడు తీసి నవ్వారు. "అబ్బో, నోరొచ్చిందే! నువ్వు కడిగినవాటిలో మిగిలిన గవ్వలు మళ్ళీ కడిగి సోమవారం చూపించు. తప్పు నాదైతే ఆవకాయ సీసా నీదే."

సోమవారం దాకా ఆగలేకపోయాను. గాలికి ల్యాబ్ కిటికీలు కొట్టుకుంటున్నాయి. మిగిలిన గవ్వల మీద నీళ్ళు పోసి, కదిపి, ట్యూబును వెలుతురుకెత్తాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి మళ్ళీ చూశాను.

అడుగు నుంచి సన్నగా, పొగలా తెలుపు లేచింది.

"ఇంకా పాలు వస్తున్నాయి ఆంటీ," అన్నాను, ల్యాబ్‌లోనే. నీళ్ళు వంచేసి మళ్ళీ పోశాను.