ఉత్తరానికి ముత్తప్ప బావి

హోసూరు కోర్టులో లాయరు నాగేశప్ప గొంతు ఎరగనివాళ్లు లేరు. వాదించేటప్పుడు కాదు, అప్పుడు అది జడ్జిగారికే సరిగా వినిపించేది కాదు. దావా టైపయ్యాక కక్షిదారుని వరండాలో కూర్చోబెట్టి, భూమి చెక్కుబందీ చదివి వినిపించేటప్పుడు మాత్రం ఆ గొంతు సైకిల్ స్టాండు దాకా పోయేది. కాగితంలో ఉండేది ఇంగ్లీషు, ఆయన నోట వచ్చేది బేరిగై పల్లె తెలుగు. “తూర్పుకి అక్కప్ప గట్టు. సరేనా? పడమరకి బండిదోవ. సరేనా?” నాలుగు దిక్కులకీ సరే అన్నాకే వేలిముద్ర. ఏ పల్లెలోనైనా గట్టుకీ బావికీ మనిషి పేరే ఉంటుంది, ఆ పేరు తప్పితే భూమే తప్పిపోతుంది అనేవాడు.

ఆయన టైపిస్టు తిమ్మరాజు కళ్లు మసకబారి మిషన్ మూసేశాడు. ఆసరికి కుర్ర లాయర్లు కంప్యూటర్లో దావాలు గబగబా తీసి కక్షిదారుల చేతిలో పెడుతున్నారు. కృష్ణగిరి కొత్త జిల్లా అయిన మరుసటి ఏడు, అక్కడి లాయర్ల సంఘం శనివారాల్లో కంప్యూటర్ క్లాసులు పెట్టింది. తెల్లజుట్టు లాయర్లు బస్సెక్కి పోయి బెంచీల మీద పిల్లల్లా కూర్చున్నారు.

మొదటి రోజు నాగేశప్ప చేతిలో మౌస్ బల్ల అంచు దాటి కింద వేలాడింది. పక్కనున్న లాయరు అంకప్ప ఊరుకుంటాడా?

“ఏం నాగేశప్పా, ఎలకని పట్టుకోని అట్ల వణకతా ఉండావే!”

“సాక్షి అయ్యుంటే నోరు తెరిపించేవాణ్ణి. ఇది మాట్లాడదు కదప్పా, దీంతోనే కష్టం.”

పాఠం చెప్పే అమ్మాయి రశ్మి కూడా నవ్వింది. పట్టుదల మనిషి కాబట్టి నాలుగు వారాలు తిరిగేసరికి నాగేశప్ప తన పాత దావా ఒకటి పూర్తిగా టైపు చేశాడు. అది బేరిగై ముత్తప్ప అనే రైతు కోసం ఎప్పుడో వేసిన గట్టు తగాదా. మాటలన్నీ అవే గనక ఇంక ఎవరికి దావా రాయాలన్నా దాన్నే తీసి, పేరూ భూమీ మార్చుకుంటే చాలు. ఆ పేరు మార్చడం రశ్మి నేర్పింది.

“సార్, దీంట్లో రెండు రకాలుండాయి. ఇది నొక్కితే పేరు వచ్చిన ప్రతిచోటా నిలబడి, మార్చేదా వద్దా అని అడగతాది. అది నొక్కితే అడగదు, ఒక్కసారిగా అన్నీ మార్చేస్తాది.”

“జన్మంతా అడగతానే ఉండాను లేమ్మా. ఆ అడగనిదే చూపించు.”

ఎండాకాలం సెలవులకి కోర్టు మూసే ముందురోజు పొద్దున్నే పాపక్క వచ్చింది. సూళగిరి పక్క పల్లెలో ఉండే గొర్రెలవాళ్ల ఇంటి ముసలామె. మొగుడు పోయాడు, ఆయన పేరూ ముత్తప్పే. ఆయన తవ్విన బావీ, దాని కింద రాగి పండే చిన్న చెక్కా మిగిలాయి. హైవే పక్కన ఫ్యాక్టరీలు వచ్చాక ఆ నేలకి గిరాకీ పుట్టింది. బ్రోకరు ఒకడు ఎక్కడిదో పట్టా చూపించి, సోమవారం జేసీబీ తెస్తానని చెప్పి పోయాడు.

“బావి పూడ్చేస్తాడంట లాయరప్పా. గొర్రెలకి నీళ్లు యాడ తాపేది? నువ్వే నిలబెట్టల్ల.”

“ఈ పొద్దే స్టే తెస్తాను పాపక్కా. నువ్వు దిగులు పడొద్దు.”

నాగేశప్ప కంప్యూటర్ ముందు కూర్చుని పాత దావా తెరిచాడు. ముందు పాపక్క మొగుడి పేరూ, ఆమె చెప్పిన చెక్కుబందీ కొట్టాడు: ఉత్తరానికి ముత్తప్ప బావి. తర్వాత పాత రైతు ముత్తప్ప పేరు తీసి పాపక్క పేరు పెట్టమని, ఆ అడగని మీట నొక్కాడు. రెప్పపాటులో అయిపోయింది. మొదటి పేజీ చూస్తే ‘పాపక్క, భర్త పేరు పాపక్క’ అని ఉంది. పకపకా నవ్వాడు.

“నిన్ను నీకే ఇచ్చి పెండ్లి చేసేసినాది పాపక్కా ఈ మిషను!”

పాపక్క కూడా నవ్వింది. అంత భయంలోనూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆయన ఆ ఒక్కటి సరిదిద్దాడు. అచ్చు తళతళలాడుతూ బయటికొచ్చింది, ఒక్క కొట్టివేత లేదు. కోర్టు కూర్చునే వేళయింది. వరండాలో చదివి వినిపించే పని అప్పుడు వద్దనిపించింది. అంత శుభ్రమైన కాగితంలో తప్పేముంటుంది? పాపక్క వేలిముద్ర వేసింది. మధ్యాహ్నానికి స్టే వచ్చింది.

సోమవారం జేసీబీ వచ్చింది. పాపక్క దాని ముందు నిలబడి స్టే కాగితం చాపింది. బ్రోకరు అది తీసుకుని చదివి, నవ్వి, కూడా వచ్చిన పోలీసాయనకి చూపించాడు. కాగితంలో ఉత్తరపు హద్దు పాపక్క బావి అని ఉంది. ఆ పల్లెలో పాపక్క బావి నిజంగానే ఒకటుంది. అది పాపక్క మొగుడి అవ్వది, ఆ అవ్వ పేరూ పాపక్కే. రోడ్డుకి అవతల ఎండిపోయి పడున్న పాడు బావి.

“స్టే ఆడ ఉండే భూమికి అవ్వా,” అన్నాడు బ్రోకరు. “పో, ఆడ పోయి నిలబడుకో.”

పల్లె నుంచి ఫోన్ వచ్చినప్పుడు నాగేశప్ప తన కాపీ తీసి చూశాడు. నాలుగో పేజీ. ఒక్క మాట. వరండాలో ఒక్కసారి గొంతెత్తి ఉంటే, ‘ఉత్తరానికి పాపక్క బావి, సరేనా?’ అనగానే ఆమె ‘అది మా అవ్వది కదప్పా, మాది కాదు’ అని ఉండేది. అంతే పని.

సెలవుల కోర్టు కృష్ణగిరిలో, అదీ గురువారం కూర్చుంటుంది. తప్పు సరిచేయమని అర్జీ టైపు చేసి పాపక్కని అక్కడికే రమ్మన్నాడు. ఆమె వచ్చింది. కాళ్లకి ఎర్రమట్టి ఆరిపోయి ఉంది.

“తప్పు నాదే పాపక్కా. నేను చదవలేదు.”

“ఇప్పుడు చదువు.”

వరండాలో ఎదురుగా కూర్చుని మొదలుపెట్టాడు.

“తూర్పుకి కెంపమ్మ చేను. సరేనా?”

“సరే.”

“పడమరకి గొర్రెల దోవ. సరేనా?”

“సరే.”

“దక్షిణానికి వంక. సరేనా?”

“సరే.”

“ఉత్తరానికి... ముత్తప్ప బావి. సరేనా?”

పాపక్క ఆయన చేతిలో కాగితం వైపు చూసింది. ఇంకు బొటనవేలికి తానే రాసుకుంది.

“కాగితంలో సరిగ్గా వచ్చినాది లాయరప్పా,” అంది. “బావి నిండా మట్టి పోసి, పైన రోలరు కూడా తిప్పినారు. ఇప్పుడు ఉత్తరానికి ఏముందని రాస్తావో నువ్వే చెప్పు.”

లోపల గుమాస్తా కేసు పేరు పిలిచాడు. నాగేశప్ప వేలు ఇంకా ఆ బావి పేరు మీదే ఉంది. పాపక్కే వేలిముద్ర వేసి, కాగితం ఆయన చేతిలో పెట్టి, “పోదాం పా,” అంది.