ఉబ్బిన బ్యాటరీ, అప్పడాల కర్ర

విదేశంలో, క్లేటన్ అనే ఊళ్లో, మా అమ్మాయి ఇంట్లో అద్దెకున్న ఒక పిల్ల యూనివర్సిటీలో చదివేది. పాత బ్యాటరీల్లోంచి లిథియం, కోబాల్ట్ తిరిగి రాబట్టడం ఆమె చదువు. పారేసినదాన్ని పనికి తెచ్చే చదువు కాబట్టి నాకు నచ్చింది. ఫోను కనబడినా, టార్చి కనబడినా, పసిపిల్లకు జ్వరం చూసినట్టు చేతి వెనకవైపు ఆనించి చూసేది.

ఒక మధ్యాహ్నం పక్క గదిలో అద్దెకున్న కుర్రాడు తన ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీని తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టాడు. అది పూరీలా ఉబ్బి ఉంది. బాగుచేస్తానంటూ స్క్రూడ్రైవర్ గుచ్చబోయాడు. ఆ పిల్ల వచ్చి దానికి చెయ్యి ఆనించింది.

"వదలరా, కాలిపోతోంది!"

"డెడ్ బ్యాటరీ అక్కా, టెన్షన్ ఎందుకు?" అని నవ్వి, వాడు స్క్రూడ్రైవర్ ఎత్తాడు.

నేను చపాతీలు వత్తుతున్నాను. ఆమె నా చేతిలోని అప్పడాల కర్ర లాక్కుని వాడి మణికట్టు మీద ఒక్కటి వేసింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. వాడు కిందపడి అరుస్తుండగానే బ్యాటరీని ఇనప మూకుడులోకి తోసి, మూకుడుతో సహా పెరట్లోకి విసిరింది. గడ్డి మీద పడగానే అది పేలింది. కిటికీ అద్దం పగిలింది, కంచె అంటుకుంది.

"నా చెయ్యి విరగ్గొట్టావు కదక్కా!"

"చెయ్యి అతుక్కుంటుంది. మొహం కాలితే ఎక్కణ్ణుంచి తెస్తావు?"

మర్నాడు అంతా చల్లారాక, ఆమె పట్టుకారుతో నల్లటి ముక్కలు ఏరసాగింది.

"అవెందుకే ఇంకా?" అన్నాను.

"కోబాల్ట్ మంటకు పోదు అమ్మమ్మగారూ."

కొట్టినందుకు ఆమె సారీ చెప్పలేదు. వాడూ అడగలేదు. చేతికట్టుతో వచ్చి, రెండో చేత్తో ఆ ముక్కలు వెయ్యడానికి ఇసుక డబ్బా పట్టుకుని ఆమె పక్కన నిలబడ్డాడు.